మా ఆవిడ వచ్చింది

ఆమె దుకాణం మేడమెట్ల కింద ఉండేది. నడుమ నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందేంత జాగా. అందులోనే ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, గోడ పొడుగునా మేకులు, ఆ మేకులకు వేలాడే సంచులు. పైనుంచి ఎవరు దిగినా తన నెత్తిమీద నడిచినట్టే ఉండేది. అడుగుల చప్పుడును బట్టి ఎవరు దిగుతున్నారో, ఇంట్లో పోట్లాడి దిగుతున్నారో మామూలుగానే దిగుతున్నారో చెప్పేసేది. చేతిసంచీ కానీ, సూట్‌కేసు కానీ, పిల్లల బడిసంచీ కానీ, జిప్పు మొరాయిస్తే జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. పేరేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు. వీధి వీధంతటికీ ఆమె జిప్పులావిడ.

పందొమ్మిదో ఏట పెట్టెల ఫ్యాక్టరీలో చేరి ఆ పని నేర్చుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మెట్ల కింద ఈ కొట్టు పెట్టుకుంది. తండ్రి లేడు. తల్లి మంచం పట్టి ఎనిమిదేళ్ళు మంచంలోనే ఉంది. ఎవరైనా పెళ్ళిమాట ఎత్తితే, "మెల్లిగా మాట్లాడండి, మా అమ్మ ఇప్పుడే పడుకుంది" అనేది. ఆ తల్లి పోయేనాటికి ఆమెకు ముప్పై అయిదు దాటాయి. "ఇక నీకు అడ్డమెవరు?" అన్నారు ఇరుగుపొరుగు. "అడ్డమా? నాకున్న తోడు ఆవిడేగా" అని మళ్ళీ మిషను మీదికి వంగింది.

ఆ మరుసటి ఏడు ఒక సిటీబస్సు డ్రైవరు చిన్న బడిసంచీ పట్టుకుని వచ్చాడు. జిప్పును లాగే రన్నరు మార్చి ఇచ్చింది. వారం తిరగకుండా అదే సంచీతో మళ్ళీ వచ్చాడు. కొంచెం పట్టేస్తోందన్నాడు. జిప్పు పళ్ళ మీద కొవ్వొత్తి రుద్ది ఇచ్చింది. మూడోసారి కూడా వచ్చేసరికి సంచీని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన చేతిలోనే పెట్టేసింది.

"జిప్పు బ్రహ్మాండంగా ఉందండీ. మరి బాగాలేనిదేమిటో చెప్పండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉంది. వాళ్ళమ్మ పోయి రెండున్నరేళ్ళయింది."

"నేను అడిగింది మీ సంగతి."

"నా సంగతి కూడా అంతేనండి" అన్నాడాయన.

ఆరు నెలల తరవాత రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆయన బస్సులో పనిచేసే కండక్టరు, పైఅంతస్తు దర్జీ సాక్షులు. పిల్ల కూడా వచ్చింది. పెళ్ళికి కూడా బడిసంచీ వీపున తగిలించుకునే వచ్చింది. ఎంత చెప్పినా తియ్యలేదు.

ఆ పిల్లను వాళ్ళ నాన్న ఉడుత అనేవాడు. ముద్ద బుగ్గలో పెట్టుకుంటే అరగంటకి గాని మింగేది కాదు. బుగ్గలో ముద్ద ఉండగా మాట్లాడకూడదని తల్లి నేర్పిందట. మాట్లాడకుండా ఉండటానికి అంతకన్నా మంచి ఉపాయం ఉడుతకు దొరకలేదు.

కొత్త ఇంట్లో జిప్పులావిడకు తొందరగానే అర్థమైన విషయం ఒకటుంది. ఉడుత ఆమెను ఏమనీ పిలవదు. పిలవకుండా రోజులు గడపడమంటే మాటలు కాదు. ఆ పిల్లకు వచ్చిన వ్యాకరణం పండితులకు కూడా వచ్చి ఉండదు. "బిందెలో నీళ్ళయిపోయాయి" అని గోడకు చెప్పేది. "జడ ఇంకా వెయ్యలేదు" అని అద్దానికి చెప్పేది. మరీ అవసరమైతే పక్కకొచ్చి నిలబడి, చూసేదాకా చూసేది. ఎప్పుడైనా నేరుగా మాట్లాడక తప్పకపోతే, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, "తింటారా? పడుకుంటారా?" అని గౌరవంగా అడిగేది. ఆ 'రు' ఒక్కొక్కటీ ఒక్కొక్క కుర్చీ దూరం.

డ్రైవరు మంచివాడే గానీ తొందర మనిషి. ఒకరోజు అన్నం దగ్గర మొదలుపెట్టాడు.

"అమ్మా అని పిలవచ్చు కదే?"

ఉడుత బుగ్గలో ముద్ద ఆగిపోయింది.

"పోనీ పిన్నీ అను."

ముద్ద మింగాక జవాబొచ్చింది. "పిన్ని అంటే అమ్మ చెల్లెలు. అమ్మకి చెల్లెళ్ళు లేరు."

"ఆంటీ అను."

"ఆంటీ కింద వాటాలో ఉంది."

"మరేమంటావే తల్లీ?"

"ఏమీ అనను. పిలవకుండానే వస్తున్నారుగా."

జిప్పులావిడకు పొలమారినంత పనయింది. "అదీ నిజమే. వస్తున్నానుగా" అంది. తరవాత వంటింట్లో భర్తతో చెప్పింది. "దాన్ని వదిలెయ్యండి. పిలుపు దానంతటది రావాలి. బలవంతాన లాగితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళుగా అవే బాగుచేస్తున్నాను."

బడి వదిలాక ఉడుత కొట్టుకు వచ్చేది. బోర్లించిన డబ్బా మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. లెక్కలయ్యాక రేకుడబ్బాలో రన్నర్లను చిన్నవి చిన్నవిగా, పెద్దవి పెద్దవిగా వేరుచేసేది. ఎవరూ చెప్పకుండానే చేసేది. ఒకరోజు జిప్పులావిడ ఎర్ర సూట్‌కేసు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, పాత జిప్పు కుట్లను బ్లేడుతో కోస్తోంది. నోట్లో గుండుసూదులున్నాయి.

"ఆ పాతది ఏం చేస్తారు?" అంది ఉడుత.

"ఏం చేస్తాం, పారేస్తాం. కొత్తదొచ్చాక పాతదానితో పనేముంది?" అంది సూదుల మధ్యనుంచి.

పిల్ల రన్నర్ల డబ్బా మూత పెట్టేసింది.

ఆ వారంలోనే పక్క తడపడం మొదలైంది. తెల్లవారకముందే లేచి, తడిసిన దుప్పటిని మడతపెట్టి, బీరువా అడుగున బట్టల కింద దాచేది. ఎంత దాచినా వాసన దాగుతుందా? జిప్పులావిడ కనిపెట్టి కూడా ఏమీ అనలేదు. కొట్టులో మిగిలిన రెక్సిన్ ముక్కలు జతచేసి పరుపు మీదికి ఒక తొడుగు కుట్టింది. పరిచేటప్పుడు పిల్ల వైపు చూడకుండా, "ఇంకో దుప్పటి కుర్చీ మీద పెట్టాను. తడిసింది బకెట్లో పడేస్తే చాలు. దాచక్కర్లేదు" అంది. "నాకు పదో ఏడు దాకా ఇదే బాధ" అని కూడా చేర్చింది. అది నిజమే. ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

డ్రైవరు కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళదామన్నాడు. ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ పెద్దావిడ. పరీక్షలన్నీ చూసి, పిల్లను బయట బల్ల మీద కూర్చోబెట్టి రమ్మంది.

"ఒంట్లో ఏ లోపమూ లేదు. ఈమధ్య ఇంట్లో ఏమైనా మారిందా?"

"ఏమీ మారలేదండీ" అన్నాడు డ్రైవరు.

"నేను వచ్చానండీ" అంది జిప్పులావిడ.

డాక్టరమ్మ నవ్వింది. "మీరు రావడంతో పాటు ఇంకేం మారాయో చూడండి. పెద్దవాళ్ళ కళ్ళతో కాదు, మూడడుగుల ఎత్తునుంచి చూడండి."

ఆ మాట జిప్పులావిడ మనసులో నాటుకుంది. ఇంటికొచ్చి, పిల్ల మంచం మీద పిల్లలాగే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చూసింది. ఎదురుగా గోడ. గోడకు వేసిన నీలంరంగు వెలిసిపోయింది, ఒక్కచోట తప్ప. పుస్తకమంత మేర నీలం కొత్తగా నిగనిగలాడుతోంది. దానిపైన మేకు పీకిన కన్నం. రోజూ ఊడ్చే గదే. ఎన్నడూ కంటబడలేదు.

"ఇక్కడ ఏముండేది?" అని అడిగింది భర్తను.

ఆయన చొక్కా గుండీ తిప్పుకున్నాడు. "వాళ్ళమ్మ ఫోటో. నువ్వొచ్చే ముందురోజు తీసి అటక మీద పెట్టాను. నువ్వేమైనా అనుకుంటావేమోనని."

"నేనేమనుకుంటానో అని ఆలోచించారు. అదేమనుకుంటుందో అడిగారా?"

నిచ్చెన వేసి అటక మీంచి అట్టపెట్టె దించాడు. అందులో ఫోటో ఉంది. కళ్ళజోడు, దువ్వెన, పిల్ల పెరిగినా పట్టేలా పెద్ద కొలతకు సగం అల్లిన పసుపు స్వెట్టరు ఉన్నాయి. ఉడుత తలుపు పక్కనుంచి చూస్తోంది.

జిప్పులావిడ ఫోటో అద్దం చెంగుతో తుడిచింది. "ఎక్కడుండేదో చూపిస్తావా? మీ నాన్న వంకరగా కొట్టేస్తాడు."

పిల్ల వేలితో చూపించింది. మేకు దిగింది. ఫోటో ఎక్కింది. ఉడుత దాని వైపు చూస్తూనే అంది.

"పారెయ్యలేదా?"

అప్పుడు తట్టింది జిప్పులావిడకు. ఎర్ర సూట్‌కేసు, బ్లేడు, సూదుల మధ్యనుంచి అన్న మాట అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ రోజు నేను చెప్పింది జిప్పుల గురించే అమ్మా. జిప్పులు పారేస్తాను. మనుషుల్ని ఎవరైనా పారేస్తారా? మీ అమ్మ మీ అమ్మే. నేను వచ్చింది ఆవిడ చోట్లో కాదు. ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, అంతే."

"ఏ కుర్చీ?" అంది ఉడుత. మన ఇంట్లో మూడే కదా కుర్చీలు అన్నట్టు చూసింది.

"స్టూలు అనుకో" అంది జిప్పులావిడ.

పక్క తడపడం ఆ రోజుతో ఆగిపోయిందంటే అబద్ధమే. ఒకరోజు తడిసేది, నాలుగు రోజులు తడిసేది కాదు, మళ్ళీ తడిసేది. బకెట్లో దుప్పటి కనిపిస్తే జిప్పులావిడ ఉతికేది, కనిపించకపోతే లేదు. లెక్కపెట్టడం మాత్రం మానేసింది. పసుపు స్వెట్టరు మిగతా సగం ఆమె అల్లింది. ఆ అల్లిక వేరు, ఈ అల్లిక వేరు. నడుము దగ్గర గీత గీసినట్టు తెలిసిపోయేది. ఉడుత అదే తొడుక్కుని తిరిగేది.

మూడు నెలల తరవాత ఒకరోజు మధ్యాహ్నం బడినుంచి ఫోను వచ్చింది. పిల్లకు జ్వరం, వచ్చి తీసుకెళ్ళమన్నారు. డ్రైవరు డ్యూటీలో ఉన్నాడు. జిప్పులావిడ కొట్టు షట్టరు దింపి పరుగెత్తింది. అంతవరకు ఆమె బడి గేటు దాటి లోపలికి వెళ్ళింది లేదు. టీచరుకు ఆమె తెలియదు. ఎవరొచ్చినా, ఆ వచ్చింది ఎవరో పిల్లే చెప్పాలని ఆ బడిలో నియమం.

"ఎవరొచ్చారో చెప్పు నాన్నా. తెలిసినవాళ్ళేనా?" అంది టీచరు.

క్లాసు మొత్తం ఇటే చూస్తోంది. ఉడుత జ్వరం కళ్ళతో గుమ్మంలో ఉన్న మనిషిని చూసి ఆలోచించింది. అమ్మ కాదు. పిన్ని కాదు. ఆంటీ కింద వాటాలో ఉంది. వీధిలో అందరూ జిప్పులావిడ అంటారు. నాన్న ఫోనులో ఎవరితో మాట్లాడినా, మా ఆవిడ చెప్పింది, మా ఆవిడ వస్తుంది అంటాడు.

"మా ఆవిడ వచ్చింది" అంది ఉడుత.

క్లాసు గొల్లుమంది. టీచరు పుస్తకం అడ్డం పెట్టుకుంది. జిప్పులావిడ సంగతి చెప్పనే అక్కర్లేదు, గుమ్మం పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. సాయంత్రం ఆ ముచ్చట భర్తకు చెప్పింది. "నా ఆవిణ్ణి కొట్టేశావేమే!" అని ఉడుతను చూసి ఆయనా నవ్వాడు. మర్నాడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. చెప్పినకొద్దీ ఇంకా బాగా చెప్పడం వచ్చింది. పక్కన డబ్బా మీద కూర్చున్న పిల్ల తల ఎత్తలేదు. ఆమె అది చూడలేదు.

జ్వరం తగ్గింది. కానీ రోజూ పొద్దున బడివేళకు కడుపునొప్పి వచ్చేది. సెలవురోజు రాని కడుపునొప్పి అది. అన్నం మళ్ళీ బుగ్గలో చేరింది. ఏమైందంటే చెప్పదు.

సంగతి తనంతట తనే కొట్టుకు నడిచి వచ్చింది. ఒక తల్లి, ఉడుత క్లాసులో చదివే తన కూతురి సంచీ బాగుచేయించడానికి వచ్చింది. ఆ పిల్ల లోపలికి తొంగిచూసి, "అమ్మా, చెప్పానే, ఇదే వాళ్ళావిడ! మేమందరం దాన్ని 'ఏమండోయ్, మీ ఆవిడ కులాసానా' అంటాం!" అని కిలకిలా నవ్వింది. జిప్పులావిడకు నవ్వు సగం వచ్చి ఆగిపోయింది. డబ్బా మీద ఉడుత లేదు. వేలాడుతున్న సంచుల వెనక, గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది. రెండు చెవులూ మూసుకుని ఉంది.

ఆ తల్లిని రేపు రమ్మని పంపేసి, పట్టపగలే షట్టరు సగానికి దించింది. వెళ్ళి సంచుల కింద నేలమీద కూర్చుంది.

"ఆ రోజు నేను కూడా నవ్వాను" అంది.

సంచుల్లో ఒకటి కొంచెం ఊగింది.

"అందరికంటే ఎక్కువ నవ్వాను. నువ్వు అంత జ్వరంలో అంత ఆలోచించి చెప్పావు. నేను దాన్ని పట్టుకుని ఊరంతా చెప్పుకు తిరిగాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

సంచుల వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "పెద్దవాళ్ళు అలా అనరు."

"అనాలి. మాకు నోరు తిరగదు."

ఉడుత మెల్లిగా బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది. "ఆవిడ అనడం తప్పా?"

"తప్పు కాదు. ముందు 'మా' పెడితే మాత్రం పెళ్ళాం అని అర్థమొస్తుంది. అందుకు నవ్వారు."

పిల్ల నుదురు ముడిపడింది. "మా బడి అంటాను. మా ఇల్లు అంటాను. మా నాన్న అంటాను. మనవాటికి మా పెడతాం కదా. దీనికి ఒక్కదానికే ఎందుకు పెట్టకూడదు?"

"ఏమో మరి. ఎవరు పెట్టారో ఆ రూలు."

"మీరు మా ఇంట్లోనే ఉంటారు కదా?"

"ఉంటాను."

"ఎప్పటికీనా?"

"ఆ."

"మరి మా ఆవిడే కదా?"

జిప్పులావిడ నేలమీద పడి ఉన్న రన్నరు ఒకటి ఏరి పిల్ల చేతిలో పెట్టింది. "అవును, మీ ఆవిడనే" అంది. "ఇప్పుడేం చేద్దాం? టీచరుతో మాట్లాడనా?"

"వద్దు. రోజూ గేటు దగ్గరికి రండి. రోజూ వస్తే వాళ్ళకి అలవాటైపోతుంది."

ఆ చిన్నపిల్ల చెప్పిన ఉపాయానికి మించినది ఆమెకూ తోచలేదు. మర్నాటినుంచి మధ్యాహ్నం అరగంట కొట్టు మూసి గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. మొదటిరోజు నలుగురు పిల్లలు గేటెక్కి, "ఒసేయ్, మీ ఆవిడొచ్చిందే!" అని అరిచారు. జిప్పులావిడ నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ, వచ్చాను. కొంచెం పిలిచి పెట్టండి" అంది, పోస్టుమాను ఉత్తరం తెచ్చినంత మామూలుగా. రెండోరోజూ అంతే. వెక్కిరిద్దామంటే ఎదురుగా మూతి ముడిచేవాళ్ళు లేకపోతే వాళ్ళకు మాత్రం ఏం సరదా? రెండు వారాల్లో అది కబురుగా మారిపోయింది. వాచ్‌మన్ కూడా, "పాపా, మీ ఆవిడ వచ్చింది" అని లోపలికి కేకేసేవాడు. అందులో అతనికి నవ్వుకునేదేమీ కనిపించేది కాదు. కడుపునొప్పి ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

ఆ చలికాలంలో ఒక పొద్దున, భార్యాభర్తలిద్దరూ హడావిడిగా టిఫిను తింటున్నారు. ఉడుత ఒంటికాలి సాక్సుతో కుంటుకుంటూ వచ్చింది.

"నా ఇంకో సాక్సు చూశావా నువ్వు?"

ఉడుత అన్నది వాళ్ళ నాన్నతో కాదు.

"పెద్దవాళ్ళని నువ్వు అంటావేమే..." అని డ్రైవరు మొదలుపెట్టాడో లేదో, బల్ల కింద ఆయన పిక్క మీద తన్ను పడింది. ఆయన బిత్తరపోయి భార్య మొహం చూశాడు. చూసి, గ్లాసెత్తి గడగడా నీళ్ళు తాగేశాడు.

"మంచం కింద చూడు. నిన్న అక్కడే విప్పి పడేశావుగా" అంది జిప్పులావిడ, రోజూ అనే మాటలాగే. తరవాత గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. కడగాల్సినవి రెండు గిన్నెలే. నీళ్ళు మాత్రం చాలాసేపు పారాయి.

రెండేళ్ళకు, ముప్పై తొమ్మిదో ఏట, ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఉడుత ఆమె వెనకాలే తిరిగింది. ఒకరోజు అడిగింది. "దానికి నువ్వు ఏమవుతావు?"

"అమ్మని."

"మరి నాకు తగ్గిపోతావా?"

జిప్పులావిడ కత్తెర పక్కన పెట్టింది. "తెలీదే. నేను కూడా మొదటిసారేగా. తగ్గినట్టనిపిస్తే వెంటనే చెప్పు" అంది. ఉడుత నిజంగానే చెప్పేది. చంటిదాన్ని ఎత్తుకుని ఉన్నప్పుడు వచ్చి, "ఇవాళ కొంచెం తగ్గావు" అనేది. అప్పుడు బిడ్డను వాళ్ళ నాన్నకిచ్చి, ఇద్దరూ ఊరికే వీధి చివరిదాకా నడిచి వచ్చేవారు.

చంటిది మాటలు నేర్చింది. నోట వచ్చిన మొదటి మాట 'ఆయిదా'. అక్క రోజంతా 'ఆవిడా, ఆవిడా' అంటూంటే అదే పట్టుకుంది. "చూశారా నా రాత! కన్నకూతురి చేత కూడా అమ్మా అనిపించుకోలేకపోయాను" అని జిప్పులావిడ కొట్టులో అందరికీ చెప్పబోయి, ఆగి, ముందు ఉడుత వైపు చూసింది. "చెప్పుకో" అంది ఉడుత పెద్దమనసుతో. చెల్లెల్ని మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"ఆవిడ కాదు. నువ్వు అమ్మా అనాలి. నీకు అమ్మ."

"ఆయిదా" అంది చంటిది.

"అది నేను అనాలి. నీకు అమ్మ, నాకు ఆవిడ. కలపకు."

ఇప్పుడు ఉడుత కాలేజీలో చదువుతోంది. మెట్ల కింద కొట్టుకు పక్కగోడ పడగొట్టి కొంచెం పెద్దది చేశారు. కొత్తగా పరిచయమైన స్నేహితులకు, 'మా ఆవిడ' అంటే ఎవరో ఓపిగ్గా విడమరిచి చెబుతుంది. ఫోటో గోడ మీదే ఉంది. ఎప్పుడైనా జ్వరం వస్తే ఆ పిల్ల మగతలో "అమ్మా" అంటుంది. ఎవరిని పిలిచిందని జిప్పులావిడ అడగదు. చేతిలో పని పక్కన పెట్టి, లేచి వెళుతుంది.